అడగని మాటకు జవాబు

పోయినవారం భాగ్యశ్రీని మనం వంటింటి గడపలో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో ఫోను ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. వారం అంటే తక్కువేం కాదు. మధ్యలో మీకెన్ని పెళ్లిళ్లో, ఎన్ని కరెంటు కోతలో, కొంతమంది మరిచిపోయే ఉంటారు. మీ మీద నాకేం కోపం లేదు. రెండు ముక్కల్లో మళ్లీ చెబుతాను.

భాగ్యశ్రీ ఉప్పల్లో మెట్రో స్తంభాల పక్కనున్న కోచింగ్ సెంటర్లో వ్యాసం రాయడం నేర్పుతుంది. సర్కారు కొలువు కోసం పరీక్షలు రాసేవాళ్లకు, ఎదుటివాణ్ణి ఒప్పించేలా కాగితం మీద వాదించడం ఎలాగో చెప్పడం ఆమె పని. ఆ పనికి ఆమె దగ్గర ఒక నమూనా ఉంది. ఆ సెంటర్ పెట్టిన గోపాలరావు మాస్టారు, తను కుర్చీ దిగేటప్పుడు ఆమె చేతికిచ్చిన పాత వాదన పత్రం అది. అందులో మనుషుల పేర్లు, ఊరి పేరు అన్నీ కొట్టేసి ఉంటాయి; ఎక్కడో ఎవరికో జరిగిందనే ఆమె అనుకుంది. ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది, మనుషులు పోయారు, తప్పంతా బాయిలర్ నడిపే కార్మికుడిదే, అతను డ్యూటీలో నిద్రపోయాడు అని విచారణ అధికారిని ఒప్పించిన పత్రం. ఎన్నో బ్యాచులకు భాగ్యశ్రీ దాన్ని చదివి వినిపించి, ఎంత బిగువుగా కట్టాడో చూడండి అని మురిసిపోయింది.

ఆ శనివారం ఇంట్లోనే కూర్చుని ఫోనులో క్లాసు చెబుతూ దాన్నే చదువుతుంటే, బియ్యంలో రాళ్లు ఏరుతున్న తల్లి ముత్తమ్మ చేట పక్కన పెట్టేసింది. "బిడ్డా, నువ్వు సదివేది మీ నాయిన సావు" అంది. అంతే, ఆ తర్వాత నోరు విప్పలేదు.

ఇక ఇవాళ్టి సంగతి.

ఆదివారం తెల్లవారింది గానీ ఆ ఇంట్లో ఎవరికీ తెల్లవారినట్టు లేదు. నాచారం పాత ఊళ్లో, సందు చివర రెండు గదుల ఇల్లు వాళ్లది. ముత్తమ్మ నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు. మళ్లీ అదే చేట ముందేసుకుని, ఏరిన బియ్యాన్నే ఏరుతూ కూర్చుంది. వచ్చేది పెత్తరమాస. ఊరంతా చనిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యమిచ్చే అమావాస్య. ముత్తమ్మ ఏటా అత్తకు, మామకు, తన తల్లికి, తండ్రికి పేరుపేరునా బియ్యమిస్తుంది. మొగుడు బాలనర్సింహ పేరు మీద మాత్రం ఒక్క ఏడూ ఇవ్వలేదు. చిన్నప్పుడు భాగ్యశ్రీ అడిగితే, "ఆయన మీద పడ్డ మాట పోయినంక ఇస్త" అంది. ఆ తర్వాత ఆ పిల్ల అడగడం మానేసింది.

ఆ మాట పోలేదు. పోయే మాటైతే కదా! బాలనర్సింహతో పాటు పోయిన ఇద్దరిదీ ఇదే ఊరు. వాళ్లలో ఒకడి తండ్రి చంద్రయ్య పక్క వీధిలోనే ఉంటాడు. ఇన్నేళ్లకు కూడా ఈ గుమ్మం ముందు నుంచి వెళ్లేటప్పుడు కాండ్రించి ఉమ్మి మరీ వెళతాడు. "నీ మొగుడు నిద్రవోయి నా కొడుకును సంపిండు" అని ఆయన బతుకమ్మ ఆడే ఆడవాళ్ల మధ్యలో అరిచిన రోజు నుంచీ ముత్తమ్మ వీధిలో బతుకమ్మ ఆడలేదు. బాలనర్సింహకు తమ్ముడి వరసయ్యే బిక్షపతి ఆ గొడవలప్పుడే ఈ ఇంటి గడప తొక్కడం మానేశాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ ఇల్లు మీకు అర్థం కాదు. దయ్యాలు రాత్రిపూటే తిరుగుతాయని అనుకునేవాళ్లు ముత్తమ్మ ఇంటికి మధ్యాహ్నం పూట రావాలి. ఫ్యాక్టరీలో పొద్దటి షిఫ్టు మధ్యాహ్నానికి దిగేది. సైరన్ మోగిన కాసేపటికి బాలనర్సింహ బొగ్గు వాసనతో గుమ్మంలోకి వచ్చేవాడు. ఫ్యాక్టరీ మూతపడి చానా కాలమైంది, ఆ జాగాలో ఇప్పుడు ఫంక్షన్ హాలుంది, సైరన్ ఎక్కణ్ణుంచి మోగుతుంది? అయినా ఆ వేళకు ముత్తమ్మ తల ఎత్తి వింటుంది. లేచి తలుపు గడియ తీస్తుంది. కంచం ఒకటి కడిగి పెడుతుంది. అన్నం మాత్రం వడ్డించదు. భాగ్యశ్రీ చదువుకున్న పిల్ల, ఇలాంటివి నమ్మదు. నమ్మదు గానీ, గ్యాసు పొయ్యి తప్ప వేరే పొయ్యి లేని ఆ ఇంట్లో ఆ వేళకు తనకూ బొగ్గు వాసన వస్తుందని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"అమ్మా, నేను గోపాలరావు సార్ ఇంటికి పోయొస్త" అంది భాగ్యశ్రీ, చెప్పులేసుకుంటూ.

ముత్తమ్మ తలెత్తలేదు. "ఆ సార్ పేరేందన్నవ్?"

"గోపాలరావు."

"గోపాలరావు" అని ముత్తమ్మ ఆ పేరును నోట్లో ఒకసారి తిప్పి చూసింది. తర్వాత ఒక మట్టిబెడ్డ ఏరి పక్కన పెట్టింది.

ఆటోలో కూర్చుని భాగ్యశ్రీ సంచీలోంచి ఆ జిరాక్సు కాగితాలు తీసింది. కంఠతా వచ్చిన కాగితాలు. కళ్లు మూసుకుని చెప్పమన్నా చెబుతుంది. అయినా ఇప్పుడు చదువుతుంటే ఒక్కో వాక్యం చేతికి చల్లగా తగులుతోంది.

వాదన అంటే అరుపు కాదు, దానికి అంగాలుంటాయి అని క్లాసులో మొదటిరోజే చెబుతుంది ఆమె. ముందు ప్రతిపాదన, అంటే నువ్వు ఏ మాట ఒప్పించదలిచావో ఆ మాట. ఇక్కడ అది ఒక్క వాక్యంలో ఉంది: ఈ ప్రమాదానికి కారణం యంత్రం కాదు, యంత్రం ముందు నిద్రపోయిన మనిషి. పిల్లల చేత ఆ వాక్యం కింద గీత గీయించేది. దాని వెనక కారణం: ఆవిరి ఒత్తిడి క్షణంలో పెరగదు, గేజీ ముల్లు మెల్లగా ఎక్కుతుంది, మెలకువగా ఉన్నవాడైతే చూసి మంట తగ్గిస్తాడు. ఆ కారణానికి రుజువు: అతను వరుసగా రెండు రాత్రులు కన్ను మూయలేదని ఇంటివాళ్లే చెప్పారు. ఈ చోట ఆగి, గొంతు పెంచి చెప్పేది భాగ్యశ్రీ. "చూశారా, ఎదుటి పక్షం నోటి నుంచే వచ్చిన రుజువుకు తిరుగుండదు. ఇలాంటిది ఒక్కటి దొరికితే మీ వ్యాసం గెలిచినట్టే!" పిల్లలు రాసుకునేవాళ్లు.

ఆటో ఫంక్షన్ హాలు ముందు ట్రాఫిక్‌లో ఆగింది. లోపల ఎవరి పిల్లకో చీర కట్టించే సారీ ఫంక్షన్ జరుగుతోంది, మైకులో పాట. ఆ పాట కింద నేలలో తన తండ్రి కాలిపోయిన చోటు ఎక్కడో ఉంది. ఇంటివాళ్లే చెప్పారట! ఎవరా ఇంటివాళ్లు? ఇంకెవరు, బిక్షపతి బాబాయే. అందుకే మొహం చాటేశాడు. ఆయన్ని తిట్టాల్సిన తిట్లన్నీ మనసులోనే తిట్టేసింది.

తర్వాతి పేరా మీదికి చూపు వెళ్లింది. నాలుగో అంగం. ఎదుటివాడు ఏమంటాడో మనమే ముందు చెప్పి, దాన్ని మనమే ఖండించే చోటు. గోపాలరావు మాస్టారు దానికి పాతకాలపు పేరే వాడతాడు, పూర్వపక్షం అని. ఎన్నోసార్లు చదివిన ఆ పేరా దగ్గర భాగ్యశ్రీ చూపు ఇరుక్కుపోయింది. మళ్లీ చదివింది. ఇంకోసారి చదివింది. ఆటోవాడు "మేడమ్, వచ్చినం, దిగున్రి" అని రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

గోపాలరావు మాస్టారు ఇల్లు నాచారంలోనే, కాలనీలో, వరండాకు గ్రిల్లు బిగించిన పాత డాబా. ఆయనది గుడివాడ వైపు. ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఈ మధ్య చూపు బాగా మందగించింది. అందుకని పొద్దున్నే భార్య రాజ్యం గారు పేపర్లో సంపాదకీయం చదివి వినిపిస్తుంది. ఆయన కళ్లు మూసుకుని వింటూ, తర్కం ఎక్కడ వదులైందో అక్కడ కుర్చీ చేతి మీద వేలితో టక్కున కొడతాడు. కొన్ని రోజులు ఆ వరండా వడ్రంగి కొట్టులా ఉంటుంది.

"ఏవమ్మా భాగ్యం, ఈ ఎండలో వచ్చావు? ఫోను చేస్తే సరిపోయేదిగా" అని రాజ్యం గారు గ్రిల్లు తీసి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"కూర్చో అమ్మాయ్. కొత్త బ్యాచి ఎలా ఉంది?"

భాగ్యశ్రీ కూర్చుంది. దారి పొడుగునా అరుద్దామనే అనుకుంది. ఆయన మొహం చూడగానే అరుపు రాలేదు, పాఠం వచ్చింది. అక్షరం మీద అక్షరం ఎలా నిలబెట్టాలో నేర్పిన మనిషి మరి.

"ఒక సందేహం సార్. పూర్వపక్షం ఎందుకు రాయాలి? ఎదుటివాడి మాట మనమెందుకు ఎత్తాలి?"

మాస్టారికి ఇలాంటి ప్రశ్నంటే ప్రాణం. కుర్చీలో ముందుకు జరిగాడు. "ఎందుకేవిటి? ఎటూ అతను అనబోతున్నాడు. అతను అనేలోపు మనమే అనేసి, మనమే విరగ్గొట్టామనుకో, తర్వాత అతను అన్నా అది పాత మాటే. చదివేవాడికి కూడా 'వీడు రెండువైపులా చూశాడురా' అని గురి కుదురుతుంది."

"ఎదుటివాడు ఎటూ అనబోడని తెలిస్తే?"

"అప్పుడెందుకు రాయడం? లేనిపోని అనుమానం మనమే పుట్టించినట్టు కాదూ! కుర్రాళ్లు చేసే పొరపాటది. అడగని మాటకు జవాబు చెప్పేవాణ్ణి ఎవరూ నమ్మరు."

భాగ్యశ్రీ కాగితం విప్పింది. ఆ పేరా మీద వేలు పెట్టింది. "నమూనాలో నాలుగో పేరా చదువుతా సార్. 'ఆవిరి ఎక్కువైతే వదిలే సేఫ్టీ వాల్వు పట్టేసిందని అతను ముందురోజు మధ్యాహ్నమే ఆఫీసులో చెప్పాడని ఎవరైనా అనవచ్చు. కానీ అలా చెప్పినట్టు ఫిర్యాదు పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. రాయనిది చెప్పనట్టే.'"

మాస్టారి వేలు కుర్చీ చేతి మీదికి లేచింది. కొట్టలేదు. గాల్లోనే ఆగింది.

"ఎవరైనా అనవచ్చు అని ఉంది. ఎవరన్నారు సార్? బాయిలర్ కాడున్న ముగ్గురూ పోయిన్రు. ఫ్యాక్టరీలో మిగతావాళ్లు నోరిప్పలేదు. ఇంట్లో ఉన్నది సదువురాని ఆడమనిషి, ఆమెకు వాల్వంటే ఏందో తెల్వదు. విచారణల ఆ మాట ఎవ్వరూ ఎత్తలేదు. మరి ఎవరూ అనని మాటకు ఇంత జాగ్రత్తగ జవాబు ఎందుకు రాసిన్రు?"

మాస్టారితో మాట్లాడేటప్పుడు భాగ్యశ్రీ ఎప్పుడూ పుస్తకం భాష వాడుతుంది. ఇంటి భాష తనకు తెలియకుండానే బయటికి వచ్చేసింది. ఆయన దాన్ని గమనించాడు. గమనించి కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఊహ" అన్నాడు. "వాదించేవాడు అన్నీ ఊహించాలి."

"ఊహిస్తే బొగ్గు మంచిది కాదనొచ్చు. నీళ్లు తక్కువైనయనొచ్చు. వాల్వే అని ఎట్ల ఊహించిన్రు? పట్టేసిందని ఎట్ల ఊహించిన్రు? ముందురోజు అని, మధ్యాహ్నమని, ఆఫీసుల అని! సార్, గిది ఊహ కాదు. మా నాయినకు సంతకం తప్ప అక్షరం రాదు. ఏదున్నా నోటితోనే చెప్తడు. ఆయన ఆఫీసుకొచ్చి చెప్పిండు. ఎవరికి చెప్పిండో వాళ్లే ఈ కాగితం రాసిన్రు."

లోపల కాఫీ గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. రాజ్యం గారు తలుపు వెనకే నిలబడి ఉందని ఇద్దరికీ తెలుసు.

ఇలాంటి చోట మనిషి కుప్పకూలి ఏడుస్తాడని మీరు ఎదురుచూస్తున్నారేమో. గోపాలరావు మాస్టారు ఏడ్చే రకం కాదు. ఆయన అద్దాలు పెట్టుకుని, ఆమె ఉన్న వైపు తేరిపార చూసి, పరీక్ష పేపరు దిద్దేవాడిలా తలాడించాడు.

"ఇన్నాళ్లు పట్టిందా నీకు?" అన్నాడు.

భాగ్యశ్రీకి మొదట అర్థం కాలేదు.

"నువ్వు కోచింగ్‌కి చేరిన రోజే తెలుసు నువ్వెవరో. తండ్రి పేరు బాలనర్సింహ, ఊరు నాచారం. ఇంకెంతమంది ఉంటారు? అప్పట్లో ఆ ఫ్యాక్టరీలో కార్మికుల వ్యవహారాలన్నీ నేనే చూసేవాణ్ణి. యాజమాన్యం తరఫున రాయమంటే రాశాను. ఫ్యాక్టరీ మూసేశాక పాఠాలు చెప్పుకుంటూ, ఆ కాగితాన్నే నమూనాగా పెట్టాను. ఎన్ని బ్యాచులకిచ్చానో! ఒక్కడు, ఒక్కడైనా ఆ నాలుగో పేరా దగ్గర చెయ్యెత్తి 'ఇదెవరన్నారు మాస్టారూ' అని అడుగుతాడేమోనని చూశాను. అందరూ రాసుకుని వెళ్లిపోయారు. నీ చేతికిస్తే నువ్వైనా పట్టుకుంటావనుకున్నా. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. ఎందుకు లేదు! ఎంత బిగువుగా ఉంది సార్, ఎక్కడా సందు లేదు అంది. తండ్రిని దోషిగా నిలబెట్టిన కాగితాన్ని రెండు చేతులా అందుకుని మెచ్చుకుంది. ఆ మాట గుర్తుకు రాగానే భాగ్యశ్రీ కుర్చీలోంచి లేచింది. కాసేపు గ్రిల్లు పట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడింది. వీధిలో ఎవరూ లేరు. ఎవరో ఇప్పుడే నడిచి వెళ్లినట్టుంది గానీ, ఎవరూ లేరు.

"మీరెప్పుడూ చెప్పలేదెందుకు సార్?"

"అడగని మాటకు జవాబు చెప్పకూడదని ఇప్పుడేగా అనుకున్నాం" అన్నాడాయన. అది తమాషాకు అన్న మాట కాదు. "మీ నాన్న వచ్చాడు. తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. 'సార్, వాల్వు పట్టేసింది, రేపు మంట పెట్టొద్దు, ఆపున్రి' అన్నాడు. ఆర్డరు వెళ్లిపోనీ, తర్వాత చూద్దామన్నాను. రాత్రుళ్లు కాదమ్మాయ్, మధ్యాహ్నం పూట కునుకు పడితే ఇప్పటికీ ఆ తలగుడ్డ కనపడుతుంది."

మధ్యాహ్నం పూట. భాగ్యశ్రీకి అమ్మ కడిగి పెట్టే కంచం గుర్తొచ్చింది.

"అయితే అదే రాయున్రి" అంది. ఆయన ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "ఒక్క కాగితం రాసియ్యున్రి సార్. చూపు లేకపోతే చెప్పున్రి, నేను రాస్త, సంతకం చెయ్యున్రి. చంద్రయ్య తాత ఇంటికి తీసుకపోయి సదివి వినిపిస్త. ఊరంతట వినిపిస్త. పెత్తరమాసకు మా అమ్మ ఆయన పేరు మీద బియ్యమియ్యాలె. నాకింకేం వద్దు."

మాస్టారు మళ్లీ మాస్టారిలాగే మాట్లాడాడు. ఆయనకు వేరేలా మాట్లాడడం రాదు.

"రాస్తే నిలబడదు. చెబుతా విను. నా కాగితం పూర్వపక్షం వల్ల గెలవలేదు, రుజువు వల్ల గెలిచింది. వాల్వు పాడైందని చెప్పినవాడు కూడా మర్నాడు నిద్రపోవచ్చు కదా! రెండూ నిజం కావచ్చు కదా! చంద్రయ్య అదే అడుగుతాడు. అతను నిద్రపోయాడన్న రుజువు అలాగే ఉండగా, ఈ ముసలివాడి మాట ఎవరిక్కావాలి? ముందు ఆ రుజువును విరగ్గొట్టాలి. దాన్ని ఇచ్చిన మనిషి వచ్చి, 'నేనన్నది అందుకు కాదు' అని నలుగురిలో చెప్పాలి."

"బిక్షపతి బాబాయి రాడు. వచ్చినా..."

"బిక్షపతి ఎవరు?" అన్నాడు మాస్టారు.

భాగ్యశ్రీ ఆయన మొహంలోకి చూసింది. నిజంగానే ఆయనకు ఆ పేరు తెలియదు.

రాజ్యం గారు కాఫీ గ్లాసులతో బయటికి వచ్చింది. గ్లాసులు బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "చెప్పేయండి" అంది మొగుడితో. "ఇంతదాకా వచ్చాక దాచడమెందుకు? మీరు చెప్పకపోతే నేను చెబుతా. ఆ ఫ్లాస్కులో టీ పోసిచ్చింది నేనే."

"ఫ్లాస్కేంది?" అంది భాగ్యశ్రీ.

మాస్టారు తలుపు వైపు తిరిగి మాట్లాడాడు, ఆమె వైపు కాదు. "దవాఖానాలో. మీ నాన్న ఇంకా బతికే ఉన్నాడు. బయట వరండాలో నేల మీద ఒకావిడ కూర్చుని ఉంది. భుజం మీద పిల్ల, జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది పిల్లకి. నేను వెళ్లి టీ పోసిచ్చాను. మంచినీళ్లు కూడా తాగలేదేమో, గబగబా తాగింది. ఎలా ఉండేవాడమ్మా ఈ మధ్య అని అడిగాను. దేవుడసుంటోడు సారూ అంది. పిల్లకు జ్వరమొస్తే రెండు రాత్రులు ఒళ్లో ఏసుకుని కూసున్నడు, కన్ను మూయలే, నన్ను పండుకోమని ఆయన మేల్కొన్నడు అంది. ఎంత మంచివాడో చెప్పడానికే అంది పాపం. నేను కాగితం తీసి రాశాను. వేలిముద్ర వేయమంటే వేసింది. దవాఖానా కాగితమనుకుంది."

గ్లాసులో కాఫీ మీద మీగడ కడుతోంది. భాగ్యశ్రీ దాన్నే చూస్తోంది.

"ఆ పిల్లవి నువ్వే" అన్నాడు మాస్టారు. ఆ సంగతి ఆయన చెప్పక్కర్లేదు. తర్వాత ఇంకోమాట కూడా అన్నాడు. "మీ అమ్మని తీసుకురా. ఆవిడ ఇక్కడ కూర్చుని, 'నేనలా అనలేదు, నువ్వలా వాడుకున్నావు' అని నా మొహం మీద అంటే, అప్పుడు రాస్తాను. ఇద్దరి మాటా ఒకే కాగితం మీద ఉంటే ఏ చంద్రయ్యా కాదనలేడు. ఆవిడ లేకుండా మాత్రం నేను రాయను. రాసినా అది వాదన కాదు, ముసలాడి పశ్చాత్తాపం."

భాగ్యశ్రీ కాఫీ ముట్టకుండానే లేచింది.

ఆటో ఎక్కలేదు. ఎండలో నడిచింది. ఫంక్షన్ హాలు దాటింది, పాత ఊరి వైపు తిరిగింది. ఎదుటి పక్షం నోటి నుంచే వచ్చిన రుజువుకు తిరుగుండదు! తను గొంతు పెంచి ఎన్నిసార్లు చెప్పిందో ఆ ముక్క. ఎన్ని నోటు పుస్తకాల్లోకి ఎక్కిందో. అది తన తల్లి మాట. తన జ్వరం. తనను ఒళ్లో వేసుకుని నాయిన మేల్కొన్న రాత్రులు.

ఈ సంగతి అమ్మకు ఎలా చెప్పాలి? నీ నోటి మాటే నీ మొగుడి మీద పడ్డ మాటైందని, ఇన్నేళ్లు మొగుడి మీద నింద మోసిన మనిషికి ఏ నోటితో చెప్పాలి? చెప్పకపోతే మాస్టారు రాయడు. రాయకపోతే నాయిన పేరు ఆ సందులో ఉమ్ములో పడే ఉంటుంది. నడుస్తూ నడుస్తూ ఒక నిర్ణయానికి వచ్చింది. చెప్పదు. సగం చెప్పి ఊరుకుంటుంది. మాస్టారిని వేరేలా ఒప్పించే దారి చూస్తుంది. ఒప్పించడమే కదా తన పని!

సందు మొదట్లోకి వచ్చేసరికి బొగ్గు వాసన వచ్చింది. ఎవరింట్లోనో ఏదో మాడిందని తనకు తనే చెప్పుకుంది. చెప్పుకుంది గానీ నడక నెమ్మది చేసింది. తన ముందు ఎవరో అలసిన కాళ్లతో ఇంటికి నడుస్తున్నట్టే అనిపించింది. ఇంటి గడియ తీసే ఉంది. గుమ్మం ఎదురుగా పీట వేసి, కడిగిన కంచం పెట్టి ఉంది. ముత్తమ్మ గోడకానుకుని, చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏమన్నడు?" అంది.

భాగ్యశ్రీ ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. "అమ్మా, నాయినది తప్పు కాదే. వాల్వు కరాబైందని ముందురోజే ఆఫీసుల చెప్పిండట. ఆపున్రి అన్నడట. వాళ్లే ఇనలే. సార్ నాతోని ఒప్పుకున్నడు."

ముత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగు పెదాలకు అడ్డం పెట్టుకుని చాలాసేపు కంచం వైపు చూసింది. "చెప్పిండా" అంది, బిడ్డతో కాదు, ఆ కంచంతో. "చెప్పే వచ్చినవా మరి! నాకొక్క మాట చెప్పకపోతివి."

భాగ్యశ్రీ తల్లి భుజం మీద తల ఆనించింది. ఇక చాలు, ఈ పూటకు ఇది చాలు అనుకుంది.

"ఇంకేం చెప్పిండు?" అంది ముత్తమ్మ.

"ఇంకేం లేదమ్మా."

చేటలో బియ్యం కదిపిన చప్పుడు. ఒకసారి కదిపి ఆగింది. ముత్తమ్మ బిడ్డ గడ్డం పట్టి, మొహం తన వైపు తిప్పుకుంది. ఆ చేతికి బియ్యపు పిండి అంటుకుని ఉంది.

"దవాఖానల నాకు చాయ్ పోసిన సంగతి చెప్పలేదా, బిడ్డా?"